మూపు నరము: శస్త్రవైద్య చరిత్రలో ఒక ప్రశ్న

తెల్లవారుజామున రాంనగర్ చేపల అంగడికి పోయి చూచినవారికి మనుష్యుని భుజము విలువ తెలియును. మంచుగడ్డలు నింపిన పెట్టెలు బండ్లనుండి దిగుచుండును. ఒకడు వంగి యెత్తును, ఇంకొకడు అందుకొనును, మూడవవాడు తలకెత్తుకొని జనములో దారి చేసికొని పోవును. ఆ మూడుగంటల పనియే వారి యిండ్లలో పొయ్యి వెలుగుటకు ఆధారము. నా విద్యార్థి యొకని తండ్రి ఇట్టి కూలివాడు. వయస్సు ఏబదియైదు దాటినది. ఒకనాటి యుదయమున జారిపోవుచున్న పెట్టెను ఒంటిచేత నాపబోగా అతని మూపులో టప్పుమని చప్పుడయ్యెను. మరునాటికి దండచేయి కమిలి నల్లబడెను. చేయి మడచినప్పుడు దండ నడుమ నిలువవలసిన కండ క్రిందికి జారి మోచేతికి సమీపమున ఉండవలె నిలిచెను.

ఇరుగుపొరుగువారు గుమిగూడిరి. నరము తెగినదని యొకరు, బెణికినదని యొకరు పలికిరి. పుత్తూరు కట్టు కట్టించుమని ఒకరి సలహా. ఆలసింపక ఆపరేషను చేయించుమని మరియొకరి సలహా. అతడు ఇద్దరి మాటయు విని, చదువుకొన్నవాడనని నాయొద్దకు వచ్చి యొక్కటే ప్రశ్న వేసెను: “సారూ, కోయించుకున్నోళ్లల్ల ఎంతమంది మల్ల మూట లేపిన్రు?”

నాకు ఉత్తరము తెలియలేదు. పుస్తకములు తిరుగవేయగా తెలిసినది ఏమనగా, ఆ ప్రశ్నకే యొక చరిత్ర కలదు. ఆ చరిత్రలో ఒక ముఖ్యఘట్టము మన హైదరాబాదు నగరముననే, రాంనగరునకు నాలుగు మైళ్ళ దూరమున, మూసీ యొడ్డున జరిగినది. దానిని మన గృహస్థులు తెలిసికొనుట అవసరమని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందుగా ఆ తెగినదేమో చూతము. దండచేతి ముందరివైపున నుండు కండకు ఆంగ్లవైద్యులు బైసెప్సు అని పేరిడిరి. రెండు తలలు గలదని యర్థము. మన పాఠ్యపుస్తకములలో ద్విశిర కండరమని వ్రాయుదురు. పొట్టితల రెక్కయెముక ముందుకొమ్మునుండి బయలుదేరును. పొడుగుతల మాత్రము భుజపుకీలు లోపలనే, రెక్కయెముక గుంట పైయంచున పుట్టి, దండయెముక తలమీదుగా వంగి, ఆ యెముక ముందరనున్న యొక సన్నని గాడిలోనుండి క్రిందికి దిగి కండలో కలియును. ఈ పొడుగుతల యొక్క స్నాయువు, అనగా కండను ఎముకకు కట్టివైచు త్రాడు, రమారమి తొమ్మిది సెంటీమీటర్ల నిడివి గలది. వెడల్పు అర సెంటీమీటరు మాత్రమే. బావిగిలకపై చేదత్రాడు వలె ఇది చేయి కదిలిన ప్రతిసారియు ఆ గాడిలో రాచుకొనుచుండును. యౌవనమున ఈ రాపిడి తెలియదు. నలుబది, ఏబది యేండ్లు గడచునప్పటికి త్రాడు పేటలు విడుటయు, చుట్టునున్న ఇతర స్నాయువులు అరుగుటయు సంభవించును. అప్పుడొక చిన్న కుదుపు చాలును. బైసెప్సు తెగినవారిలో అత్యధికులకు తెగునది ఈ పొడుగుతలయే.

తెలుగున మనము దీనిని ‘నరము’ అందుము. రక్తము పారునదియు నరమే. స్పర్శను మోయునదియు నరమే. కండను ఎముకకు బిగించునదియు నరమే. ఒకే మాట మూడు వస్తువులకు చెల్లుచున్నది. ఈ కలగాపులగము మనకొక్కరికే పట్టినది కాదు. ప్రాచీన గ్రీకుభాషలో ‘న్యూరాన్’ అను మాట మొదట స్నాయువును చెప్పి, తరువాత జ్ఞానతంతువునకు పేరయ్యెను. దాని ఫలితము భాషతో నిలువలేదు. స్నాయువును సూదితో గుచ్చినచో జ్ఞానతంతువును గుచ్చినట్లే మూర్ఛయు నొప్పులును వచ్చునని పాశ్చాత్యవైద్యులు శతాబ్దములపాటు భయపడిరి. మాట తేటపడనిచోట కత్తి తేటగా నడువదు.

మన సుశ్రుతుడు ఈ విషయమున మాటను తేటపరచుటకు యత్నించినవాడు. సుశ్రుతసంహిత శారీరస్థానమున స్నాయువులు తొమ్మిదివందలని చెప్పి, కాలుసేతులలో 600, మొండెమున 230, మెడకు పైభాగమున 70 అని పంచియిచ్చెను. పలకలను త్రాళ్లతో బిగించికట్టిన నావ నీటిపై బరువు మోయునట్లు, స్నాయువులచే బంధింపబడిన కీళ్ళు గల దేహము బరువు మోయుచున్నదని యాయన యుపమానము. ఎముకకు, కండకు, కీలునకు తగిలిన దెబ్బకంటె స్నాయువునకు తగిలిన దెబ్బ మనుష్యుని ఎక్కువ చెరచునని కూడ నాయన యభిప్రాయము. మెడకును దండకును నడుమ భుజమున ‘అంస’ మను మర్మమును గుర్తించి, దానిని స్నాయుమర్మములలో చేర్చి, అది దెబ్బతిన్నచో చేయి స్తంభించునని చెప్పెను. వాతము భుజమును ఆశ్రయించి అందలి బంధములను శోషింపజేయుటచే కలుగు వ్యాధికి అవబాహుకమని పేరిడెను. ఇక నొక విశేషము. ఆయన ‘కండర’ యని పేర్కొన్నది లావైన స్నాయువును. నేటి మన పాఠ్యపుస్తకములలో కండరమనగా మాంసపు కండ. పేరు నిలిచినది, వస్తువు మారినది!

సుశ్రుతుని సంఖ్యలు నేటి శరీరశాస్త్రముతో సరిపోవు. అయినను ఆ సంఖ్యల వెనుకనున్న పద్ధతి గౌరవింపదగినది. మృతదేహమును గడ్డితో చుట్టి, పారు నీటిలో ఏడురాత్రులుంచి, మెత్తబడిన తరువాత పొర పొరగా ఒలిచి కన్నులతో చూడుమని యాయన శిష్యులకు విధించెను. చూడనిదే చెప్పరాదను నియమమది. ఆ నియమమును కాలక్రమమున మనమే విడిచితిమి. శవమును ముట్టుట మైల యయ్యెను. శస్త్రము తక్కువజాతివాని పని యయ్యెను. గ్రంథము వల్లెవేయుట వైద్య మయ్యెను. 1836వ సంవత్సరమున కలకత్తా వైద్యకళాశాలలో మధుసూదన గుప్తుడు శవచ్ఛేదము చేసినప్పుడు దానినొక సాహసకార్యముగా లోకము చెప్పుకొనెననగా, సుశ్రుతుని దేశము సుశ్రుతునినుండి ఎంత దూరము పోయినదో గ్రహింపవచ్చును.

శరీరము తెలిసినంత మాత్రమున భుజమును కోయ వీలులేదు. భుజపుకీలు లోతుననుండును, దానిపై దట్టమైన కండ కప్పియుండును. కాలో చేయో నరికివేయుటకు రెండు నిమిషములు చాలును గాని, సన్నని త్రాడును వెదకి తీసి కుట్టుటకు రోగి కదలక పడియుండవలెను. నొప్పి తెలియని నిద్ర లేనిదే అది కానిపని. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరమున మోర్టన్ ఈథరు ఆవిరితో రోగిని నిద్రపుచ్చి శస్త్రచికిత్స జరుగుట లోకమునకు చూపెను. మరుసటి యేట ఎడింబరో నగరమున సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టెను. 1848 జనవరిలో హానా గ్రీనర్ అను పదునైదేండ్ల యింగ్లీషుబాలిక కాలిగోరు తీయించుకొనుటకు క్లోరోఫాం పీల్చి క్షణములలో మరణించెను. ఆనాటినుండి అర్ధశతాబ్దికి పైగా వైద్యలోకమును వేధించిన ప్రశ్న ఇది: క్లోరోఫాం చంపునప్పుడు మొదట ఆగునది ఊపిరియా, గుండెయా? ఊపిరియే యైనచో ఊపిరిని కనిపెట్టుకొని యుండిన చాలును. గుండె యైనచో ఎంత జాగరూకుడైన వైద్యుని చేతనైనను ప్రమాదము తప్పదు.

ఈ ప్రశ్నను తీర్పగలనని ముందుకు వచ్చిన స్థలము హైదరాబాదు. ఇచ్చట 1846లోనే నిజాము ప్రభుత్వము వైద్యపాఠశాలను స్థాపించియుండెను; శాస్త్రము ఉర్దూలో బోధింపబడెడిది. 1885లో రెసిడెన్సీ సర్జనుగా వచ్చిన ఎడ్వర్డ్ లారీ ఈ పాఠశాలకు అధిపతి యయ్యెను. ఆయన ఎడింబరోలో సైమ్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుని సంప్రదాయమున పెరిగినవాడు. ఊపిరిని చూడుము, నాడిని చూడనక్కరలేదు అనునది ఆ సంప్రదాయపు సిద్ధాంతము. తన చేతిలో వేలకొలది మందికి క్లోరోఫాం నిరపాయముగా జరిగినదని లారీకి గట్టినమ్మకము. 1888లో ఆయన ప్రేరణచే మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషను ఏర్పడి, జంతువులపై పరీక్షలు జరిపి, ఆగునది ఊపిరియే యని ప్రకటించెను. లండనులోని ‘లాన్సెట్’ పత్రిక దానిని సందేహించెను. అంతట ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ వేయి పౌనులు వెచ్చించి రెండవ కమిషను నడిపింప సంకల్పించెను. లాన్సెట్ పక్షమున లాడర్ బ్రంటన్ అను మహావైద్యుడు 1889లో హైదరాబాదునకు వచ్చెను. కుక్కలు, కోతులు, మేకలు మొదలగు నాలుగువందలకు పైబడిన జంతువులపై పరీక్షలు జరిగినవి. గుండెయే ముందు ఆగునని తలంచి వచ్చిన బ్రంటన్ సయితము తుదకు లారీ పక్షమునే చేరెను. 1890లో లాన్సెట్ ఆ నివేదికను ప్రకటింపగా హైదరాబాదు పేరు ఐరోపా వైద్యశాలలయందెల్ల వినబడెను.

ఆ దినములలో ఆ వైద్యపాఠశాలలో స్త్రీలును చదువుచుండిరి. వారిలో రూపాబాయి ఫర్దూన్జీ అను పారసీవనిత క్లోరోఫాం ఇచ్చు విద్యయందు ఆరితేరి, ప్రపంచమున మత్తువైద్యము నభ్యసించిన తొలి స్త్రీలలో నొకతెగా పేరొందినది. పిమ్మట 1909లో పైచదువులకై ఎడింబరో పోయినది. ఆడపిల్లను బడికి పంపవచ్చునా యని మన సభలలో వాదములు సాగుచున్న కాలమున, ఈ నగరమున ఒక స్త్రీ శస్త్రశాలలో రోగి ప్రాణమును తన వ్రేళ్ళకొనలపై నిలుపుచుండెనను మాట మన బాలికల పాఠములలో చేరదగినది.

ఇంతవరకు కథ మన నగరమునకు గర్వకారణము. ఇక మీదటిది మనకు పాఠము. హైదరాబాదు కమిషను చెప్పినది సంపూర్ణ సత్యము కాకపోయెను. 1911లో గుడ్మన్ లెవీ అను ఆంగ్లేయవైద్యుడు పిల్లులపై పరీక్షించి, క్లోరోఫాం కొద్దిగా ఎక్కియున్నప్పుడే, దేహములో ఉద్రేకరసము పొంగినచో, గుండె గతి తప్పి వణకి హఠాత్తుగా ఆగునని నిరూపించెను. కమిషనువారు జంతువులకు మత్తు ఎక్కువెక్కువగా నిచ్చి చూచిరి. అట్లిచ్చినచో ముందు ఊపిరి ఆగుట నిజమే. కాని ఆపరేషను బల్లపై మొదటి రెండు మూడు గుక్కలు పీల్చి గుండె కొట్టుకొని భయపడుచున్న రోగి యొకడు కలడు గదా! హానా గ్రీనర్ వంటి ఆ రోగి కమిషనువారి పరీక్షలలో లేడు. నాలుగువందల జంతువులలో ఆ యొక్క స్థితిని వారు వెదకలేదు. లారీ మోసగాడు కాడు, శ్రద్ధాళువు. అయినను తాను నమ్మినదానిని స్థిరపరచుటకు పరీక్షించెనే గాని, తన నమ్మకమును పడగొట్టుటకు పరీక్షింపలేదు. పరీక్షల సంఖ్య పెద్దదైనంతమాత్రమున ప్రశ్న సరియైనది కాదు.

ఆ ప్రయోగములు జరిగిన కాలపు అఫ్జల్‌గంజి ఆసుపత్రి 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో నాశనమయ్యెను. దాని వారసురాలిగా నదీతీరమున 1925 నాటికి ఉస్మానియా ఆసుపత్రి భవనము లేచెను. కట్టడము కొట్టుకొనిపోయినను ఆ పాఠము కొట్టుకొనిపోరాదు.

ఇంతలో రెండవ యడ్డంకియు తొలగెను. 1867లో లిస్టర్ కార్బాలికామ్లముతో గాయములను శుభ్రపరచు పద్ధతిని ప్రకటించెను. కీలును తెరచినచో చీముపట్టి రోగి చచ్చునను భయము క్రమముగా తగ్గెను. ఇట్లు శరీరజ్ఞానము, నిద్ర, శుచిత్వము అను మూడును కూడినపిమ్మట భుజము శస్త్రవైద్యుని చేతికి వచ్చెను. ఆ కార్యమున అగ్రగణ్యుడు బోస్టను నగరపు ఎర్నెస్ట్ ఆమరీ కాడ్మన్. భుజపు స్నాయువులను కుట్టిన తొలివారిలో ఆయన యొకడు. 1934లో ఆయన ప్రకటించిన ‘ది షోల్డర్’ అను గ్రంథము నేటికిని భుజవైద్యులకు ఆదిగ్రంథము.

కాని నా మిత్రుడైన కూలివాని ప్రశ్నకు సంబంధించినంతవరకు కాడ్మన్ గొప్పతనము కత్తిలో లేదు. ప్రతి రోగిని ఒక యేడాది తరువాత మరల చూడవలెను; చికిత్స ఫలించెనా, ఫలింపనిచో తప్పెవరిదని వ్రాసిపెట్టవలెను; ఆ వ్రాతను బహిరంగపరుపవలెను అని యాయన పట్టుపట్టెను. నేటికిది సామాన్యమైన మాటగా తోచును. ఆనాడు మాత్రము తోడివైద్యులకు ఇది అవమానముగా తోచెను. ఆయన 1914లో తాను పనిచేయుచున్న పెద్ద ఆసుపత్రిలోని పదవిని విడిచి, తన స్వంత చిన్న ఆసుపత్రిలోనే ఈ నియమము నడిపెను. 1911 మొదలు 1916 వరకు అచ్చటినుండి వెడలిన 337 మంది రోగుల విషయమున 123 తప్పులు జరిగినవని తానే అచ్చొత్తించి పంచెను. తన దుకాణపు తూనికరాయి తక్కువ తూగునని తానే దండోరా వేయించిన వర్తకుని మనమెచ్చటనైన చూచితిమా? “కోయించుకున్నోళ్లల్ల ఎంతమంది మల్ల మూట లేపిన్రు?” అను ప్రశ్నను మొట్టమొదట తన్ను తాను వేసికొన్న శస్త్రవైద్యుడు కాడ్మన్.

ఇక పొడుగుతల స్నాయువు సంగతి. 1948లో హిచ్‌కాక్, బెక్టాల్ అను అమెరికను వైద్యులు, భుజపు నొప్పికి ఈ స్నాయువు కారణము కావచ్చునని వివరించి, దానిని దండయెముకకే బిగించు విధానమును ప్రకటించిరి. కీలు లోపలి మొదటినుండి త్రాడును విడదీసి, క్రిందనున్న గాడివద్ద ఎముకకు కట్టివైచినచో రాపిడియు తప్పును, కండయు జారదు. దీనికి టెనోడెసిస్ అని పేరు. 1975లో ఫ్రాయిమ్సన్ తాళపుచెవి రంధ్రమువంటి తొలి ఎముకలో చేసి, ముడివేసిన స్నాయువును అందులో దిగవేయు పద్ధతి తెచ్చెను. నేడు ఆ పనిని చిన్న మరలతోను, కొక్కెములతోను చేయుదురు. రెండవది టెనోటమీ, అనగా చీకిపోయిన త్రాడును కోసి విడిచిపెట్టుట. ఇది వినుటకు వింతగా నుండును. కాని సగము తెగి నొప్పి పెట్టుచున్న స్నాయువు తనంతట తాను పూర్తిగా తెగినప్పుడు కొందరికి నొప్పి చప్పున పోవుటను వైద్యులు గమనించిరి. ప్రకృతి చేసినదానిని కత్తి చేసిన నేమి? ఫ్రాన్సులో లియాన్ నగరపు వాల్ష్ బృందము ఇట్టి మూడువందలకు పైబడిన శస్త్రచికిత్సల ఫలితములను 2005లో ప్రకటించెను. భుజస్నాయువులు బాగుచేయరానంతగా చినిగిన వృద్ధులకును దీనివలన నొప్పి చాలవరకు తగ్గినట్లు అందువలన తెలియుచున్నది.

ఈ పనులన్నియు సుకరములగుటకు కీలులోపల చూచు కన్ను కావలసివచ్చెను. 1918లో టోకియో నగరమున కెంజి తకాగి మూత్రాశయమును చూచు గొట్టముతో మృతదేహపు మోకాలిలోనికి తొంగి చూచెను. 1931లో న్యూయార్కున బర్మన్ మృతదేహముల భుజపుకీళ్ళలోను అట్లే చూచెను. తకాగి శిష్యుడైన వతనబే ఆ గొట్టమును రోగులకు ఉపయోగపడునట్లు తీర్చెను. పెన్సిలు పట్టునంత గాటునుండి భుజము లోపలిభాగము నంతయు తెరపై చూడగలుగుట మన తరమువారి భాగ్యము. అట్లు చూడగా చూడగా క్రొత్త జబ్బులును కనబడెను. 1985లో ఆండ్రూస్, బంతి విసరు ఆటగాండ్రలో ఈ స్నాయువు పుట్టుచోట గుంట యంచు చినుగుటను వర్ణించెను. 1990లో స్నైడర్ దానికి ‘స్లాప్’ అని పేరుపెట్టి నాలుగు తెగలుగా విభజించెను. పేరు పుట్టగానే ఆపరేషను పెరిగెను. యంచు చినిగినదా, కుట్టుము. కుట్టు నిలువదా, స్నాయువును ఎముకకు బిగింపుము. దేశదేశముల ఇది వాడుక యయ్యెను.

అప్పుడు నార్వే దేశపు వైద్యులు చేసినపనిని నేను కాడ్మన్ ఆత్మకు చేసిన తర్పణముగా భావింతును. స్లాప్ రెండవ తెగ జబ్బు గల 118 మంది రోగులను, వారి సమ్మతితో, చీట్లు వేసినట్లు మూడు భాగములుగా పంచిరి. ఒక భాగమువారికి చినిగిన యంచును కుట్టిరి. రెండవ భాగమువారికి స్నాయువును ఎముకకు బిగించిరి. మూడవ భాగమువారికి చర్మముపై గాట్లు పెట్టి లోపల చూచిరే గాని ఏమియు బాగుచేయలేదు. ఎవరికేది జరిగినదో రోగులకు తెలియదు. రెండేండ్లు కనిపెట్టిరి. మూడు భాగములవారును ఇంచుమించు సమానముగానే మెరుగుపడిరి! ఈ ఫలితము 2017లో ప్రకటింపబడెను. తాము నిత్యము చేయు శస్త్రచికిత్స, చేయనిదానికంటె మేలు కాకపోవచ్చునని తామే పరీక్షించి తామే చాటుటకు ఎంత నిగ్రహము కావలెను! హైదరాబాదు కమిషను నమ్మకమును పోషించుటకు పరీక్షించెను. నార్వేవారు నమ్మకమును శోధించుటకు పరీక్షించిరి. నూటయిరువది యెనిమిది యేండ్లలో వైద్యము నడచిన దూరము ఈ రెంటి నడుమ నున్నది.

పాఠకులు దీనినిబట్టి శస్త్రచికిత్సయే దండుగ యని యనుకొనరాదు. ఆ పరీక్ష ఒక తెగ జబ్బును గూర్చినది మాత్రమే. వయస్సున నున్నవాడు, చేతిపనిచే బ్రదుకువాడు, దెబ్బతో స్నాయువు తెగినవాడు త్వరగా వచ్చినచో బిగించుట మేలు కలిగింపవచ్చును. ఆలస్యమైనకొలది తెగిన కొస క్రిందికి ముడుచుకొని చుట్టునున్న కండకు అంటుకొనును. మరల పైకి తెచ్చుట కష్టము. ఈ కారణముననే కట్టు మాత్రము దీనికి చాలదు. పుత్తూరు కట్టును నేను తూలనాడను. తెలుగునాట తరతరములుగా ఆకుపసరుతో, గ్రుడ్డుసొనతో, వెదురుబద్దలతో విరిగిన ఎముకలను నిలిపిన విద్య అది. ఎముక కొసలు కలిసి నిలిచినచో వానియంతట అవే అతుకుకొనును. కాని జానెడు క్రిందికి జారిన త్రాడును పైనుండి కట్టిన గుడ్డ వెనుకకు లాగలేదు. ఏ విద్యకు ఏది సాధ్యమో తెలిసికొనుటయే దానిని గౌరవించుట.

మరియొక ప్రక్క వయస్సు మీరినవారికి ఈ స్నాయువు తెగినను, కోయకయే విశ్రాంతి, వ్యాయామములతో చాలవరకు సరిపోవును. 1988లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో, ఆపరేషను లేకుండ విడిచినవారికి ముంజేతిని వెలుపలికి త్రిప్పు బలము అయిదవవంతు మేరకు తగ్గెను; మోచేయి మడచు బలము నూటికి ఎనిమిదిపాళ్ళు మాత్రమే తగ్గెను. అంతేగాక వారు ఆపరేషను చేయించుకొన్నవారికంటె ముందుగా పనికి పోగలిగిరి. బిగించినచో కొన్ని వారములు చేయి జోలెలో నుండవలెను. బరువెత్తుటకు సాధారణముగా మూడు నాలుగు నెలలు ఆగవలెను. దినకూలి చేయువానికి ఆ నాలుగు నెలల తిండి యెవరు పెట్టుదురు? ఇదియు చికిత్సలో భాగమే. దీనిని లెక్కలో వేయని వైద్యము సగము వైద్యము.

నేడు మన నగరమున సాధనములకు కొరత లేదు. పంజగుట్టలో 1960ల దశాబ్దిలో నిజాము ధర్మనిధితో వెలసిన అస్థివైద్యశాల తరువాత నిమ్స్ అయి పెరిగెను. రాంనగరునకు సమీపమున, ముషీరాబాదులో, ఒకప్పుడు కారాగారముండిన నేలపై 2003 నుండి గాంధీ ఆసుపత్రి నడచుచున్నది. సంకెళ్ళున్న చోట కట్లు విప్పు విద్య వెలయుట శుభమే. లోపించినది సాధనము కాదు, అడుగు అలవాటు. మన యిండ్లలో వైద్యుని ప్రశ్నించుట అమర్యాద యని పెంచినారు. స్త్రీలు మరియు నోరు మెదపరు. కుండలు మోసి, రుబ్బి, ఉతికి భుజము పడిపోయినను ‘నరము పట్టినది’ అని తైలము రాచుకొని ఏండ్లు గడుపుదురు. ఒకరు కత్తి పేరు వినగానే పారిపోవుట, ఇంకొకరు కత్తి పేరు వినగానే తలయొగ్గుట, ఈ రెండును ఒకే యజ్ఞానమునకు రెండు ముఖములు. నాకేమి తెగినది? కోయకున్న నేమగును? కోసినచో నావంటివారిలో ఎందరికి బాగైనది? ఎన్నాళ్ళకు పనికి పోగలను? ఈ నాలుగు ప్రశ్నలు అడుగుటకు ఇంగ్లీషు చదువు అక్కరలేదు. మంచివైద్యుడు వీనికి కోపపడడు. కోపపడువానియొద్దనుండి లేచి రావచ్చును.

నా విద్యార్థి తండ్రి ఈ ప్రశ్నలనే యొక ఆసుపత్రిలో అడిగెను. అచ్చటి యువవైద్యుడు కాగితముపై భుజపుబొమ్మ గీసి, రెండు దారులును వాని నష్టములును తెలియజెప్పెను. వయస్సును, కూలియును, ఇంటి ఖర్చును ఆలోచించి అతడు కోయించుకొన లేదు. మూడు నెలలు వ్యాయామము చేసెను. నొప్పి పోయినది, కండ మాత్రము జారినచోటనే యున్నది. గట్టిగా బిగిసిన కుళాయి త్రిప్పవలసినచో కొడుకును పిలుచును. పెట్టెలు మోయుట మానుకొని అంగడిలో తూకమువద్ద కూర్చుండుచున్నాడు; కూలి మునుపటికంటె కొంచెము తక్కువ. ఇది విజయగాథ కాదు, పరాజయమును కాదు. తన దేహమును గూర్చి తానే అడిగి, తెలిసికొని, తానే నిర్ణయించుకొన్న యొక మనుష్యుని కథ.

మొన్న కనబడినప్పుడు నేను నార్వే దేశపు పరీక్షను అతనికి వివరించితిని. అంతయు శ్రద్ధగా విని నవ్వి, “గట్లనా సారూ, గంత పెద్ద డాక్టర్లు గూడ నేనడిగిందే అడిగిన్రన్నమాట” అనెను. అవును, ఆలస్యముగా అడిగిరి.